పూర్వ ప్రాథమిక దశ పిల్లల చిత్రాల ద్వారా మానసిక వికాసాన్ని అంచనా వేయడం: నల్లపాడు ప్రాంత మిరప, పత్తి గ్రామాల దృష్ట్యా ఒక పరిశీలన

జనవరి నుండి ఏప్రిల్ వరకు మిరప కోతల కాలం. గుంటూరును ఆనుకొని ఉన్న నల్లపాడు పరిసరాలలో తెల్లవారేసరికి ఆటోలు, ట్రాక్టర్లు కూలీలతో నిండి చేలకు బయలుదేరతాయి. తల్లి కోతకు వెళ్తే మూడు నుండి ఆరేళ్ల బిడ్డ అంగన్‌వాడీ కేంద్రంలోనైనా ఉంటుంది, చేను గట్టున చెట్టు నీడనైనా ఉంటుంది. ఆ బిడ్డ బరువు తూచడానికి కేంద్రంలో త్రాసు ఉంది, ఎత్తు కొలవడానికి పట్టీ ఉంది. వయస్సుకు తగిన ఆలోచన, గమనింపు, చేతి నేర్పు బిడ్డలో పెరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి కార్యకర్త చేతిలో ఉన్న సాధనాలు మాత్రం చాలా తక్కువ. ప్రామాణికమైన ప్రజ్ఞా పరీక్షలకు శిక్షణ పొందిన మనోవిజ్ఞాన నిపుణులు, ప్రత్యేకమైన సామగ్రి, ఒక్కొక్క బిడ్డకు చాలినంత సమయం అవసరమవుతాయి. కాగితం, పెన్సిలు ఉంటే జరిగిపోయే పరీక్ష ఏదైనా ఉన్నదా అన్న ప్రశ్న ఇటువంటి చోటనే పుడుతుంది.

అటువంటి పరీక్ష ఒకటి వంద సంవత్సరాల క్రితమే తయారైంది. బిడ్డ చేత మనిషి బొమ్మ వేయించి, అందులో ఏయే అంశాలు ఉన్నాయో లెక్కించడమే ఆ పద్ధతి. ఇది సులభం, చౌక, పిల్లలకు ఇష్టం. సులభమైనందువల్లనే దుర్వినియోగం కూడా ఎక్కువగా జరిగింది. పిల్లల చిత్రం దేనిని చెప్పగలదో, దేనిని చెప్పలేదో వేరు చేసి చూపడం, మిరప, పత్తి పండే ఈ మైదానంలో దానిని ఏ మేరకు నమ్మవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గీత నుండి మనిషి వరకు

పిల్లల బొమ్మలను శాస్త్రీయ దృష్టితో చూడడం 19వ శతాబ్దం చివరిలో ఆరంభమైంది. ఇటలీకి చెందిన కొర్రాదో రిచ్చి 1887లో పిల్లల చిత్రకళపై పుస్తకం ప్రచురించాడు. ఫ్రాన్సులో జార్జ్ హెన్రీ లూకే తన కూతురి బొమ్మలను సంవత్సరాల తరబడి భద్రపరచి 1913లో వాటిపై గ్రంథం రాశాడు. 1927లో వెలువరించిన మరో గ్రంథంలో అతడు చెప్పిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, చిన్నపిల్లలు కంటికి కనిపించినది గీయరు, తమకు తెలిసినది గీస్తారు. ఇంటి గోడకు అవతల ఉన్న అమ్మను కూడా గోడలోంచి కనిపించేలా వేస్తారు. బస్సును పక్కనుండి వేసినా నాలుగు చక్రాలూ చూపిస్తారు. పెద్దల దృష్టికి ఇది తప్పు. వికాస శాస్త్ర దృష్టికి మాత్రం ఇది బిడ్డకు బస్సు గురించి ఉన్న జ్ఞానపు పట్టిక.

ఒకటిన్నర, రెండేళ్ల వయస్సులో బిడ్డ చేతికి బలపం చిక్కితే కనిపించిన చోటల్లా పిచ్చిగీతలు గీస్తుంది. అప్పుడు దాని ఆనందం గీతలో కంటే చేయి కదలడంలోనే ఎక్కువ. క్రమంగా చేతి కదలిక అదుపులోకి వస్తుంది, గీతలు కాగితం దాటి పోవడం తగ్గుతుంది. మూడేళ్ల ప్రాంతంలో గీసిన దానికి పేరు పెట్టడం మొదలవుతుంది. సున్నా చుట్టి 'ఇది నాన్న' అంటుంది, అయిదు నిమిషాల తరువాత అదే సున్నాను 'దోసె' అంటుంది. పేరు మారినందుకు నవ్వుకోవచ్చు గాని, ఒక గుర్తు మరొక వస్తువుకు బదులుగా నిలబడగలదని బిడ్డకు తెలిసిన ఘడియ అదే. తరువాత అక్షరం ధ్వనికి బదులుగా, అంకె లెక్కకు బదులుగా నిలబడడం నేర్చుకోవడానికి పునాది అక్కడే పడుతుంది.

మూడున్నర, నాలుగేళ్లకు ప్రపంచమంతటా పిల్లలు ఒకే రకమైన మనిషిని వేస్తారు. ఒక పెద్ద సున్నా, అందులో రెండు కళ్లు, ఒక్కోసారి నోరు, సున్నా అడుగు నుండి నేరుగా వేలాడే రెండు కాళ్లు ఉంటాయి. మొండెం ఉండదు. చేతులు ఉంటే అవి చెవుల దగ్గర నుండి పుడతాయి. చూడడానికి తోకకప్పలా ఉంటుంది కాబట్టి పరిశోధకులు దానికి ఆ పేరే పెట్టారు. అయిదేళ్ల ప్రాంతంలో మొండెం వేరుపడుతుంది. ఆ తరువాత మెడ, వేళ్లు, బట్టలు, జుట్టు చేరుతాయి. ఈ వయస్సులన్నీ సుమారు లెక్కలే. ఆరు నెలలు అటూ ఇటూ కావడం సర్వసాధారణం.

తోకకప్ప బొమ్మ వేసే బిడ్డకు మనిషికి పొట్ట ఉంటుందని తెలియదా? తెలుసు. 'నీ బొజ్జ ఏదీ?' అంటే వెంటనే చూపిస్తుంది. క్లెయిర్ గొలొంబ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1974లో ప్రచురించిన పరిశీలనలలో బంకమట్టి ఇచ్చి చేయించినప్పుడు, శరీర భాగాలను ఒక్కొక్కటిగా చెప్పి గీయించినప్పుడు పిల్లలు తమంతట తాము గీసిన బొమ్మలో కంటే ఎక్కువ భాగాలను చూపారు. అనగా కాగితం మీద లేనిదంతా బిడ్డ మనస్సులో లేదని అనుకోరాదు. ఈ ఒక్క విషయాన్ని మరచిపోవడం వల్లనే బొమ్మల పరీక్ష పేరిట అనేక తప్పుడు నిర్ణయాలు జరిగాయి.

మనిషి బొమ్మతో పాటు ఆకారాలను చూసి గీయడం కూడా వికాసానికి మంచి గుర్తు. రెండేళ్లకు నిలువు గీత, మూడేళ్లకు సున్నా, నాలుగేళ్ల లోపు కూడిక గుర్తు, నాలుగు దాటాక చతురస్రం, అయిదు దాటాక త్రిభుజం, ఆరేడేళ్లకు వజ్రాకారం సాధారణంగా పిల్లలకు వస్తాయి. చతురస్రం వేయగల బిడ్డ వజ్రాకారం వేయడానికి మరో రెండేళ్లు పట్టడం విచిత్రంగా తోచవచ్చు. రెండింటికీ నాలుగు గీతలే. అయితే ఏటవాలు గీతను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో ముందుగా మనస్సులో పథకం వేసుకోవలసి ఉంటుంది. చేతి కండరాల బలంతో పాటు ఆ పథకం కూడా పెరగాలి.

గుడెనఫ్ కొలత, దాని లెక్క

అమెరికాకు చెందిన ఫ్లోరెన్స్ గుడెనఫ్ 1926లో 'మనిషి బొమ్మ' పరీక్షను ప్రకటించింది. బొమ్మ అందంగా ఉన్నదా అన్నది ఇందులో ప్రశ్న కాదు. తల ఉన్నదా, కాళ్లు ఉన్నాయా, చేతులు ఉన్నాయా, మొండెం ఉన్నదా, మొండెం వెడల్పు కంటే పొడవు ఎక్కువా, చేతులు మొండేనికి సరైన చోట అతికి ఉన్నాయా, వేళ్ల సంఖ్య సరిగా ఉన్నదా అంటూ 51 అంశాలు ఉంటాయి. ప్రతి అంశానికి ఒక మార్కు. వేసినది ఏమిటో గుర్తుపట్టలేని పిచ్చిగీతలకు సున్నా, గీతలు అదుపులో ఉన్నట్లు కనిపిస్తే ఒకటి. మూడేళ్లను ఆధార వయస్సుగా తీసుకొని ప్రతి నాలుగు మార్కులకు ఒక సంవత్సరం చొప్పున కలిపితే మానసిక వయస్సు వస్తుంది. దానిని శారీరక వయస్సుతో భాగించి నూటితో హెచ్చిస్తే ప్రజ్ఞాలబ్ధి. 1963లో డేల్ హారిస్ దీనిని సవరించి పురుషుని బొమ్మకు 73, స్త్రీ బొమ్మకు 71 అంశాలతో విస్తరించాడు. మన దేశంలో బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో ప్రమీలా ఫాటక్ 1960వ దశకంలో భారతీయ పిల్లలకు అనువుగా ఈ పరీక్షను రూపొందించింది.

ఈ లెక్కను ఒకసారి చేసి చూస్తే దాని బలహీనత తనంతట తానే బయటపడుతుంది. అయిదేళ్ల బిడ్డ బొమ్మకు 8 మార్కులు వచ్చాయనుకొందాం. మానసిక వయస్సు మూడు, రెండు కలిపి అయిదు. ప్రజ్ఞాలబ్ధి 100. అదే బిడ్డ మరునాడు నిద్రమత్తులో ముక్కు, జుట్టు మరచిపోయింది. మార్కులు 6, మానసిక వయస్సు నాలుగున్నర, ప్రజ్ఞాలబ్ధి 90. ఒక్క రాత్రిలో బిడ్డ తెలివి పది పాళ్లు తగ్గిందా? నాలుగేళ్ల బిడ్డ విషయంలో తేడా ఇంకా ఎక్కువ. ఒక్క మార్కు మారితే ప్రజ్ఞాలబ్ధి ఆరు పాళ్లకు పైగా మారిపోతుంది. వయస్సు నమోదులో పొరపాటు ఉంటే చెప్పనక్కర లేదు. నాలుగేళ్ల ఆరు నెలల బిడ్డను అయిదేళ్లని రాస్తే చాలు, సక్రమంగా ఎదుగుతున్న బిడ్డ కూడా వెనుకబడినట్లు కాగితం మీద తేలుతుంది. అందుచేత పుట్టిన తేదీని బడి రికార్డు నుండి కాక తల్లీబిడ్డల సంరక్షణ కార్డు నుండి తీసుకోవడం మేలు. నాలుగైదేళ్ల పిల్లల విషయంలో ఈ లెక్క నుండి వచ్చిన ప్రజ్ఞాలబ్ధి సంఖ్యను తల్లిదండ్రులకు చెప్పడం గాని, రిజిస్టరులో రాయడం గాని సమంజసం కాదు. ఏయే అంశాలు కనిపించాయో రాయడం వరకే చాలు.

చిత్రానికి, ప్రజ్ఞకు ఉన్న సంబంధాన్ని పెద్ద ఎత్తున పరిశీలించిన అధ్యయనం 2014లో వెలువడింది. ఇంగ్లండు, వేల్స్ దేశాలలో కవలలపై జరుగుతున్న దీర్ఘకాల పరిశోధనలో భాగంగా 7,752 కవల జంటలు నాలుగేళ్ల వయస్సులో వేసిన బొమ్మలను రోసలిండ్ ఆర్డెన్ బృందం విశ్లేషించింది. ఆ మార్కులకు, నాలుగేళ్లప్పటి ప్రజ్ఞకు సహసంబంధం 0.33. పధ్నాలుగేళ్లప్పటి ప్రజ్ఞతో 0.20. పత్రికలు దీనిని 'నాలుగేళ్ల బొమ్మలో పదేళ్ల భవిష్యత్తు' అన్న ధోరణిలో ప్రచారం చేశాయి. గణాంకాలను సరిగా చదివితే చిత్రం వేరుగా ఉంటుంది. 0.33ను వర్గం చేస్తే సుమారు 0.11. అనగా పిల్లల ప్రజ్ఞలో కనిపించే తేడాలలో నూటికి పదకొండు పాళ్లు మాత్రమే బొమ్మతో ముడిపడి ఉన్నాయి. పధ్నాలుగేళ్లకు అది నాలుగు పాళ్లు. వేల మంది పిల్లల సమూహానికి సంబంధించి ఇది విలువైన సమాచారం. ఎదుట కూర్చున్న ఒక్క బిడ్డ గురించి మాత్రం ఇది చెప్పేది స్వల్పం. న్యూజిలాండు పరిశోధకులు 2013లో నాలుగైదేళ్ల పిల్లల బొమ్మల మార్కులను ప్రామాణిక ప్రజ్ఞా పరీక్షతో పోల్చి, బొమ్మ ఆధారంగా వెనుకబడినవారుగా తేలే పిల్లలలో అనేకులు నిజానికి అలాంటివారు కారని చూపారు.

ముగ్గు, పలక, చీర

గుడెనఫ్ ఈ పరీక్షకు సంస్కృతితో పని లేదని తొలి దశలో భావించింది. అది నిలవలేదు. వేన్ డెన్నిస్ 1942లో అమెరికాలోని హోపీ ఆదివాసుల పిల్లలకు ఈ పరీక్ష పెడితే మగపిల్లలకు ఆడపిల్లల కంటే చాలా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ సమాజంలో మనిషి ఆకారపు బొమ్మలు చెక్కడం, రంగులు వేయడం మగవారి పని. మగపిల్లలు చిన్ననాటి నుండి దానిని చూస్తూ పెరుగుతారు. తేడా తెలివిలో లేదు, అభ్యాసంలో ఉంది.

ఈ విషయాన్ని గుంటూరు ప్రాంతానికి అన్వయిస్తే ఆలోచించవలసినవి చాలా కనిపిస్తాయి. ఇక్కడి ఆడపిల్లలు తల్లి, అమ్మమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చొని చుక్కలు పెడతారు. చుక్కల నడుమ దూరం సమానంగా ఉంచడం, గీతను తిప్పి మొదలుపెట్టిన చోటికే చేర్చడం అయిదేళ్లకే కొందరికి పట్టుబడుతుంది. ఇది సూక్ష్మ కండర నైపుణ్యానికి, స్థలజ్ఞానానికి అసలైన పరీక్ష. అయినా మనిషి బొమ్మ పరీక్షలో దీనికి మార్కు లేదు. ముగ్గులో మనిషి ఉండడు మరి. మనిషి బొమ్మతో పాటు 'నీకు వచ్చిన ముగ్గు ఒకటి వెయ్యి' అని అడిగితే బిడ్డ చేతి నేర్పు మరింత సరిగా తెలిసే అవకాశం ఉంది. దీనికి ఇంకా ప్రమాణాలు ఏర్పడవలసి ఉంది. గృహవిజ్ఞాన, మానవ వికాస విభాగాల విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం.

చీర మరొక చిక్కు. బిడ్డను మనిషి బొమ్మ వేయమంటే అమ్మనే వేస్తుంది. నడుము నుండి కిందకు ఒక త్రిభుజం గీసి ఆపేస్తుంది. కాళ్లు చీర లోపల ఉన్నాయి. 'కాళ్లేవీ తల్లీ?' అని అడిగితే 'చీరలో ఉన్నాయిగా' అన్న జవాబు రావచ్చు. నియమావళిని యాంత్రికంగా పాటించే పరీక్షకుడు కాళ్ల మార్కు కొట్టేస్తాడు. కనిపించనిది కనిపించదు గనుక గీయలేదన్న తర్కం నిజానికి లూకే చెప్పిన తరువాతి దశకు చెందిన తెలివి. కాబట్టి బొమ్మ పూర్తయ్యాక బిడ్డ చెప్పే మాటలను బొమ్మ వెనుక రాసుకోవడం తప్పనిసరి.

సాధనం కూడా ఫలితాన్ని మారుస్తుంది. పలక మీద బలపంతో అలవాటైన బిడ్డకు పెన్సిలు జారుతుంది, కాగితం చిరుగుతుందేమోనని భయం. ఇంట్లో కాగితమే చూడని బిడ్డకూ, స్కెచ్ పెన్నులు, రంగుల పుస్తకాలు ఉన్న బిడ్డకూ ఒకే రోజు పరీక్ష పెట్టి పోలిస్తే తేలేది ఇంటి ఆర్థిక స్థితి. పరీక్షకు ముందు కనీసం రెండు వారాలు పిల్లలందరికీ కాగితం, పెన్సిలు ఇచ్చి ఆడుకోనివ్వాలి.

రంగుల అర్థం గురించి ఒక మాట. బొమ్మలో ఎరుపు ఎక్కువ ఉంటే కోపమని, నలుపు ఉంటే దుఃఖమని చెప్పే పుస్తకాలు బజారులో దొరుకుతాయి. కారెన్ మాకోవర్ 1949లో మనిషి బొమ్మల ద్వారా వ్యక్తిత్వాన్ని చదివే పద్ధతిని ప్రచారం చేసిన నాటి నుండి ఈ ధోరణి సాగుతున్నది. బొమ్మలోని ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క భావాన్ని అంటగట్టే ఈ వ్యాఖ్యానాలు తదుపరి పరిశోధనలలో నిలబడలేదు. కళ్ళంలో ఎకరాల పొడవునా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, మిర్చి యార్డుకు వెళ్లే టిక్కీలు చూస్తూ పెరిగే బిడ్డ కాగితం నిండా ఎరుపు పులిమితే అందులో కోపం వెదకడం హాస్యాస్పదం.

చేల మీది మందులు, పిల్లల బొమ్మలు

ఇంత జాగ్రత్త వహించాక కూడా బొమ్మల పరీక్షను పక్కన పెట్టలేకపోవడానికి ఈ ప్రాంతంలో ప్రత్యేకమైన కారణం ఉంది. గుంటూరు, ప్రకాశం మైదానాలు పురుగుమందుల వాడకానికి దేశంలోనే పేరుపడ్డవి. 1980వ దశకంలో పత్తిపై తెల్లదోమ విజృంభించి, మందుల మీద మందులు కొట్టినా పంట దక్కక 1987-88లో ఇక్కడి రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. 2021లో నల్ల తామర పురుగులు మిరప తోటలను ముంచినప్పుడు పిచికారీల సంఖ్య మళ్లీ పెరిగింది. మందు కొట్టిన చేలో కోత కోసి వచ్చిన తల్లి చీర కొంగు, ఇంటి మూలన పెట్టిన స్ప్రేయరు, ఖాళీ అయిన మందు డబ్బా అన్నీ పిల్లల చేతికి అందే దూరంలోనే ఉంటాయి.

పురుగుమందులకూ, పిల్లల బొమ్మలకూ ఉన్న సంబంధం మెక్సికోలో బయటపడింది. సొనోరా రాష్ట్రంలోని యాకీ లోయలో రైతులు 1940వ దశకం చివరి నుండి రసాయన వ్యవసాయం చేపట్టారు. ఆ లోయకు ఎగువన ఉన్న కొండవాలు గ్రామాల వారు మందులు వాడలేదు. రెండు చోట్లా ఒకే జాతి, ఒకే ఆహారం, ఒకే ఆచారాలు. మానవశాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ గిలెట్ నాలుగైదేళ్ల పిల్లలు 50 మందిని పరిశీలించింది. వారిలో 33 మంది లోయకు, 17 మంది కొండవాలుకు చెందినవారు. ఎత్తు, బరువులలో చెప్పుకోదగిన తేడా లేదు. బంతి పట్టుకోవడంలో, ఎండు ద్రాక్షను సీసా మూతలో వేయడంలో, అరగంట క్రితం చెప్పిన మాటను గుర్తుంచుకోవడంలో, ఎగురుతూ నిలదొక్కుకోవడంలో లోయ పిల్లలు వెనుకబడ్డారు. అన్నిటికంటే స్పష్టంగా తేడా కనిపించింది మనిషి బొమ్మలో. కొండవాలు పిల్లలు తల, మొండెం, కాళ్లు చేతులు గుర్తుపట్టగల మనిషిని వేయగా, అదే వయస్సు లోయ పిల్లలలో చాలామంది వేసినవి అర్థం లేని గీతలు. 1998లో ప్రచురితమైన ఆ బొమ్మలు ప్రపంచమంతటా చర్చకు దారితీశాయి.

ఇదే తరహా పనుల పరీక్షను 2003లో గ్రీన్‌పీస్ ఇండియా తరఫున కవితా కురుగంటి బృందం ఆరు రాష్ట్రాల పత్తి ప్రాంతాలలో చేపట్టింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుండి వరంగల్ జిల్లా అందులో ఉంది. మందులు ఎక్కువగా వాడే గ్రామాల పిల్లలు, తక్కువగా వాడే గ్రామాల పిల్లల కంటే అధిక శాతం పరీక్షలలో వెనుకబడినట్లు 2005లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో వేరే దారిన ఇదే దిశకు చేరారు. ప్రసవ సమయంలో బొడ్డుతాడు రక్తంలో క్లోర్‌పైరిఫాస్ ఎక్కువగా ఉన్న పిల్లలలో మూడేళ్లకు మానసిక, కండర వికాసాల జాప్యం అధికంగా కనిపించింది.

ఈ అధ్యయనాలన్నిటికీ ఒకే బరువు ఇవ్వరాదు. యాకీ లోయ పిల్లల సంఖ్య తక్కువ. ఒక్కొక్క బిడ్డ శరీరంలో ఎంత మందు ఉన్నదో కొలిచి బొమ్మతో ముడిపెట్టలేదు. కొలంబియా అధ్యయనం రక్తంలోని మందును కొలిచింది గాని అక్కడి పిల్లలు నగరవాసులు, మందు ఇళ్లలో పురుగుల కోసం కొట్టినది. వరంగల్ ఫలితాన్ని యథాతథంగా గుంటూరుకు తెచ్చి అతికించడం కూడా సరికాదు. అయినా మూడూ ఒకే వైపు వేలు చూపుతున్నప్పుడు మిరప చేల మధ్య పెరిగే పిల్లల బొమ్మలను పట్టించుకోకపోవడం సబబు కాదు. గమనించదగిన మరో విషయం ఉంది. గిలెట్ పరిశీలనలో పిల్లల బరువు, ఎత్తు సరిగానే ఉన్నాయి. అంగన్‌వాడీలో ప్రతి నెలా కొలిచేవి కూడా ఆ రెండే. ఆ కొలతలకు అందని లోపం ఉంటే దానిని చూపగలిగేది బిడ్డ చేసే పని మాత్రమే.

బొమ్మలో కనిపించిన లోపాన్ని వెంటనే మందుల ఖాతాలో వేయడం కూడా అంతే పొరపాటు. రక్తహీనత, దీర్ఘకాల పోషకాహార లోపం, చూపు లోపం, వినికిడి లోపం, ఇంట్లో మాట్లాడేవారు లేకపోవడం, కేంద్రానికి సరిగా రాకపోవడం అన్నీ బొమ్మలో ఒకే విధంగా కనిపించవచ్చు. తల్లితో చేనికి వెళ్లి మిరపకాయలు పట్టుకున్న బిడ్డకు ఆ రోజు వేళ్లు మండుతూ ఉండవచ్చు. ఆ స్థితిలో పెన్సిలు సరిగా పట్టదు.

కేంద్రంలో నిర్వహించే విధానం

పరీక్ష అన్న మాట పిల్లల ఎదుట రాకూడదు. ఉదయం ఆహారం తిన్న తరువాత, బిడ్డ హుషారుగా ఉన్నప్పుడు, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టాలి. పక్కపక్కన కూర్చోబెడితే ఒకరిని చూసి ఒకరు వేస్తారు, పదిమంది బొమ్మలూ ఒకే బొమ్మ అవుతాయి. గోడ మీద శరీర భాగాల చార్టు ఉంటే ఆ సమయానికి తిప్పి పెట్టాలి. తెల్ల కాగితం, లావుపాటి మెత్తని పెన్సిలు ఇచ్చి 'ఒక మనిషి బొమ్మ వెయ్యి నాన్నా, నీకు ఎంత బాగా వస్తే అంత బాగా వెయ్యి' అంటే చాలు. 'చేతులు వెయ్యలేదేం?' 'ముక్కు మరిచిపోయావు' వంటి మాటలు అనరాదు. అలవాటు కొద్దీ ఆయమ్మ పక్కనుండి 'కళ్లు పెట్టమ్మా' అని అందిస్తుంది. ఆమెకు ముందే చెప్పి ఉంచాలి. వేళకు గడువు లేదు. సాధారణంగా పది నిమిషాలలో ముగుస్తుంది.

బిడ్డ గీస్తున్నప్పుడు ఏ చేతితో పట్టుకున్నది, పిడికిలితో పట్టుకున్నదా వేళ్లతోనా, కాగితానికి ముఖం మరీ దగ్గరగా పెట్టిందా అన్నవి చూడాలి. ముఖం కాగితానికి ఆనించి గీసే బిడ్డకు ముందు కావలసింది కంటి పరీక్ష. బొమ్మ ముగిశాక 'ఇదెవరు? ఇదేంటి?' అని అడిగి బిడ్డ మాటలను ఆ మాటల్లోనే కాగితం వెనుక రాసి, తేదీ, బిడ్డ పుట్టిన తేదీ వేయాలి. మార్కులు వేయడం తరువాతి పని. వీలైతే బిడ్డ ఎవరో తెలియని మరో కార్యకర్త చేత వేయించడం మంచిది. తెలిసిన బిడ్డ అయితే చేయి మార్కుల వైపే వంగుతుంది.

ఒక్క బొమ్మతో ఏమీ తేల్చరాదు. వారం వ్యవధిలో రెండు బొమ్మలు, మళ్లీ మూడు నెలలకు రెండు బొమ్మలు తీసుకుంటే బిడ్డను పక్క బిడ్డతో కాక తన నిన్నటి బొమ్మతో పోల్చి చూడవచ్చు. సెప్టెంబరులో తోకకప్పను వేసిన నాలుగేళ్ల బిడ్డ డిసెంబరుకు చేతులు చేర్చింది, మార్చికి మొండెం చేర్చింది అంటే దారి సరిగా ఉంది. అయిదేళ్లు దాటిన బిడ్డ బొమ్మ ఆరు నెలలుగా గుర్తుపట్టలేని గీతల వద్దనే నిలిచిపోతే, సున్నా, కూడిక గుర్తు కూడా చూసి వేయలేకపోతే, మాటలోను ఆటలోను కూడా వెనుకబాటు కనిపిస్తే ఆ మూడింటినీ కలిపి చూడాలి. ఒకప్పుడు వేసిన మనిషిని ఇప్పుడు వేయలేకపోతున్న బిడ్డ విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. నేర్చినది పోవడం, నేర్వకపోవడం కంటే తీవ్రమైన సంకేతం.

అటువంటి పిల్లలను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చూపించాలి. 2013లో ఆరంభమైన ఈ కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించవలసి ఉంది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, వ్యాధులతో పాటు వికాస జాప్యాలు కూడా దాని పరిధిలోనివే. అక్కడి నుండి బిడ్డను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. నోటి మాటగా 'ఈ బిడ్డ మందంగా ఉంది' అని చెప్పడానికి, తేదీలు వేసిన ఆరు బొమ్మలను వైద్యుని బల్లపై పరచడానికి చాలా తేడా ఉంది.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 'మీ వాడు బొమ్మ వెయ్యలేకపోతున్నాడు' అని మొదలుపెడితే ఆ రాత్రి బిడ్డకు దెబ్బలు తప్పవు. మరునాటి నుండి ఇంట్లో పలక మీద మనిషి బొమ్మ దిద్దించడం మొదలవుతుంది, ఆ తరువాత బొమ్మకు కొలతగా విలువ ఉండదు. కంటి చూపు, తిండి, నిద్ర గురించి అడుగుతూ, మందు కొట్టిన రోజు బట్టలు విడిగా ఉతకడం, స్నానం చేసే వరకు బిడ్డను ఎత్తుకోకపోవడం, డబ్బాలను ఇంట్లో నీళ్లకు వాడకపోవడం వంటి మాటలు కలుపుతూ పోవడం మంచిది. ఈ జాగ్రత్తలు ఎలాగూ ప్రతి ఇంటికీ అవసరమే గనుక ఏ ఒక్క బిడ్డనూ వేలెత్తి చూపినట్లు కాదు.

వలస కుటుంబాల పిల్లల విషయం ఈ పద్ధతికి అన్నిటికంటే కష్టమైనది. కర్నూలు పశ్చిమ ప్రాంతం నుండి మిరప కోతలకు వచ్చే కుటుంబాలు మూడు నెలలు చేల పక్క గుడారాలలో ఉండి వెళ్లిపోతాయి. ఆ పిల్లల పేర్లు సొంత ఊరి కేంద్రంలో ఉంటాయి, పిల్లలు ఇక్కడ ఉంటారు. మందు కొట్టిన చేలకు అతి దగ్గరగా ఎక్కువ కాలం గడిపేది వారే, ఏ పరిశీలనకూ అందనిదీ వారే. అటువంటి బిడ్డ ఇక్కడి కేంద్రానికి వారం రోజులు వచ్చినా ఒక బొమ్మ వేయించి, వెనుక తేదీ, వయస్సు, బిడ్డ చెప్పిన మాట రాసి, నకలు ఒకటి ఉంచుకొని, అసలు బొమ్మను తల్లీబిడ్డల కార్డులో మడిచి తల్లి చేతికి ఇవ్వవచ్చు. సొంత ఊరికి వెళ్లాక అక్కడి టీచరమ్మకు చూపించమని చెప్పాలి. అక్కడ వేయించే తరువాతి బొమ్మను దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.